నలభై ఒక్క డిగ్రీల్లో నిండు టాంకు

జెల్యాజ్కో నోరు విప్పాడంటే దోన్కా ముందుగా మజ్జిగ కూజా మీద మూత పెట్టేది. "ఇతని కోతల పొట్టు గాలికి లేచి ఇందులో పడుతుంది" అనేది. ముప్పై ఏళ్ళుగా అదే మూత, అదే మాట. జెల్యాజ్కో ఏనాడూ నొచ్చుకోలేదు. వినేవాళ్ళు ఎదురుగా కూర్చుంటే చాలు, ఆయనకి ఇంకేమీ అక్కర్లేదు.

ఆ రోజు వినేవాళ్ళు ముగ్గురే. జూలై నెల, మధ్యాహ్నం మూడు కావస్తోంది. బల్గేరియాలోని దోబ్రుజా మైదానమంతా పెనంలా కాలిపోతోంది. పొలాలకి మందు చల్లే విమానాల రన్‌వే పక్కన, మందు కలిపే షెడ్డు చూరు కింద, పొడుగాటి బల్ల మీద కూర్చుని అందరూ పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నారు. జెల్యాజ్కోకి అరవై ఎనిమిదేళ్ళు. ముప్పై వేసవులు ఇదే రన్‌వే మీంచి లేచి మందు చల్లిన పైలట్. ఇప్పుడు పెన్షనూ, మీసమూ మిగిలాయి. దోన్కా అప్పుడూ ఇప్పుడూ టాంకుల్లో మందు నింపే మనిషే. ఆవిడ పక్కన కాలినా, ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఈ వేసవికే వచ్చిన కొత్త పైలట్. నాలుగోవాడు పెన్చో, పొరుగూరి రైతు. ఇతను మాత్రం కూర్చోలేదు, నిలబడి ఊగిపోతున్నాడు.

"పురుగు నా చేను నమిలేస్తోంది అమ్మాయీ! చెవి పెట్టి వింటే పటపటా చప్పుడు వినిపిస్తోంది. మందు ఇప్పుడే వచ్చింది, రేపు వాన అంటున్నారు. నిండు టాంకుతో అయిదు ట్రిప్పులు వేశావంటే పనైపోతుంది. నువ్వేమో ఇక్కడ కూర్చుని గింజలు కొరుకుతున్నావు."

"నలభై ఒకటి ఉంది పెన్చో గారూ" అంది కాలినా, షెడ్డు గోడకి మేకున వేలాడుతున్న థర్మామీటరు చూపిస్తూ. దాని పక్కనే ఎంత వేడికి ఎంత బరువు ఎత్తొచ్చో రాసిన పట్టిక అతికించి ఉంది. "ఈ వేడిలో నిండు టాంకు లేవదు. సాయంత్రం ఆరింటికి సగం టాంకుతో మొదలెడతాను."

"సగం టాంకంటే పది ట్రిప్పులు. ఆరింటికి మొదలెడితే చీకటి పడేలోగా ఆరు ట్రిప్పులకి మించి కావు. సరే, నీకు చేతకాకపోతే పక్క జిల్లా వాళ్ళకి ఫోను చేస్తాను. ఇవాళ్టికే కాదు, ఈ వేసవి మొత్తానికీ."

ఆడపిల్ల విమానం నడుపుతుందంటే మిగతా రైతులు వెనకాడారు, ఆ ఏడు కాలినాని పిలిచింది పెన్చో ఒక్కడే. ఇతను పోతే ఆమె నడిపే పసుపు విమానాన్ని కంపెనీ వేరేవాళ్ళకి ఇచ్చేస్తుంది. ఆ సంగతి బల్ల మీద ఉన్న అందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడు జెల్యాజ్కోకి నాలుక దురద పెట్టింది.

"నలభై ఒకటా?" అన్నాడు పొట్టు ఉమ్మి. "అదీ ఒక ఎండేనా? నేను నలభై రెండులో లేచాను. నిండు టాంకుతో."

దోన్కా కూజా మీద మూత పెట్టింది. ఆయన నిజానికి ఒక్క డిగ్రీయే ఎక్కువ చెప్పాడు. ఆయన లెక్కలో అది దాదాపు మౌనం కిందే లెక్క. కానీ పెన్చో ఆ మాటని ఎగిరి పట్టుకున్నాడు.

"విన్నావా అమ్మాయీ? నలభై రెండులో! నిండు టాంకుతో! మరి నీకేం రోగం?"

కాలినా తల తిప్పి జెల్యాజ్కో వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే ఆయన తట్టుకునేవాడు. 'మీరు కూడానా బాబాయ్' అన్నట్టు చూసింది. ముసలాయన చేతిలో గింజలు బల్ల మీద పెట్టేశాడు. అయ్యయ్యో, ఎంత పని చేశాను అనుకున్నాడు. అబద్ధం చెప్పానని ఒక్క మాట అంటే సరిపోతుంది. కానీ ముప్పై ఏళ్ళుగా ఒకే వైపు తిరిగిన నాలుక, ఇప్పుడు వెనక్కి తిరగమంటే తిరుగుతుందా? తిరగలేదు. అప్పుడాయనకి ఓ ఉపాయం తట్టింది. ఈ కోతని ఇంకా పెంచాలి. పసిపిల్లలు కూడా నమ్మనంత పెంచాలి. అప్పుడు పెన్చోయే పగలబడి నవ్వి 'ఛీ, అంతా బూటకం' అంటాడు. ఆ నవ్వులో నలభై రెండు కూడా కొట్టుకుపోతుంది.

"కూర్చో పెన్చో" అన్నాడు మీసం దువ్వుకుంటూ. "నలభై రెండన్నానా? అది పొద్దున ఎనిమిదింటి సంగతి. మధ్యాహ్నానికి యాభై ఆరు. అసలు వేడి ఇంజనుకి ఎందుకు పడదో తెలుసా నీకు? చల్లగాలి గడ్డ పెరుగయ్యా. ఇంజను ఒక్క గుక్క మింగిందంటే ఒంటికి పడుతుంది. ఎండగాలి నీళ్ళ మజ్జిగ. గుక్క అదే, కడుపు అదే, సత్తువ మాత్రం సగం. రెక్కలకీ అంతే, ఆనుకోడానికి గాలి చాలదు. ఆ రోజు గాలి ఎంత పలచబడిందంటే పిచ్చుకలు ఎగరలేక రోడ్డు మీద నడుచుకుంటూ పోయాయి. కొంగలు బస్టాండులో వరస కట్టాయి, ఆఫ్రికా బస్సు ఎప్పుడని కండక్టర్ని అడుగుతున్నాయి."

ఇక నవ్వుతాడని పెన్చో మొహంలోకి చూశాడు. పెన్చో గడ్డం గోక్కున్నాడు.

"ఆ ఏడు మా ఊళ్ళో కొంగలు నిజంగానే తొందరగా వెళ్ళిపోయాయి అన్నా. ఎందుకా అనుకున్నాం."

దోన్కా నోటికి తలగుడ్డ కొస అడ్డం పెట్టుకుంది. సరే, ఇంకాస్త వేద్దాం అనుకున్నాడు జెల్యాజ్కో.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంజనుకి గడ్డ గాలి కావాలి. గడ్డ గాలి ఎక్కడుంది? వైను దాచే నేలమాళిగల్లో ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ కేకేశాను. దిండ్ల గలీబులు విప్పి, ఒక్కొక్కరూ మాళిగలోకి దిగి, చల్లగాలి నింపుకుని, మూతి కట్టి తెచ్చారు. నలభై గలీబులు!"

"నేనూ తెచ్చానా?" అంది దోన్కా.

"నువ్వు రెండు తెచ్చావు. ఒకదానికి చిల్లు. అవన్నీ ఇంజను ముందు ఒక్కొక్కటే విప్పాను. ఇంజను గటగటా తాగేసింది. అబ్బ, ఆ గర్జన! వర్నా రేవులో ఓడలు దారి ఇచ్చాయి, ఏదో పెద్ద ఓడ వస్తోందనుకుని. కానీ ఒక్కటి మరిచిపోయాను. మాళిగ గాలి కదా, వైను వాసన. ఇంజనుకి తలకెక్కింది. నేరుగా పొమ్మంటే ఎడమకి తూలుతుంది, ఎడమకి పొమ్మంటే పాట అందుకుంటుంది. చేలో మందు తిన్నగా పడితే ఒట్టు!"

"మా నాన్న చెప్పేవాడు!" పెన్చో తొడ చరిచాడు. "ఒక ఏడు మందు అడ్డదిడ్డంగా పడిందని చచ్చేదాకా తిట్టుకున్నాడు పాపం. ఇంజను తాగి ఉందని ఆయనకేం తెలుసు!"

జెల్యాజ్కోకి చెమట పట్టింది. జీవితమంతా ఇలాంటి శ్రోత కోసం కలలు కన్నాడు. దొరక్క దొరక్క ఇవాళే దొరికాడు. పక్కన కాలినా బూటు మొనతో నేల మీద గీతలు గీస్తోంది, తల ఎత్తడం లేదు. ఇక ఉన్నదంతా కుమ్మరించక తప్పదు అనుకున్నాడు. అయితే నిజం చెప్పాలంటే, భయం ఓ పక్క ఉన్నా, కథ వేడెక్కేసరికి ఆయనకి హుషారు కూడా వచ్చేసింది. లేచి నిలబడి రెండు చేతులూ రెక్కల్లా చాపాడు.

"అసలు కథ ఇక్కడుంది వినండి. రన్‌వే మీద పరిగెత్తుతున్నాను. ఎండకి తారు కరిగి పాకమైపోయింది. చక్రాలు లేచాయి. చక్రాలతో పాటు ఏం లేచింది? రన్‌వే! పొరలు పొరలుగా కాల్చిన బనిత్సా రొట్టె పైపొరని కత్తి మొనతో ఎత్తితే ఎలా లేస్తుంది, అలా ఈ చివర నుంచి ఆ చివరదాకా సాంతం ఊడి వచ్చేసింది. కింద మట్టి, పైన నేను, నా వెనక తొమ్మిది వందల మీటర్ల రన్‌వే తోకలా ఊగుతోంది. దాని మీద ఒక కుక్క. పడుకున్నది పడుకున్నట్టే ఉంది."

"కుక్క ఏ రంగు?" అన్నాడు పెన్చో.

"మచ్చల కుక్క" అన్నాడు జెల్యాజ్కో నీరసంగా. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైకి పోయేకొద్దీ చలి. చలి పెరిగేకొద్దీ ఇంజనుకి బలం. ఇంజను చప్పుడు నాకే వినిపించడం మానేసింది, అది వెనకబడిపోయింది, నేను ముందు పోతున్నాను. దాన్యూబ్ నది దాటాను. రుమేనియా సరిహద్దు సిపాయి పాస్‌పోర్టు అడగడానికి నోరు తెరిచాడు, మూసేలోగా నేను వెళ్ళి తిరిగొచ్చేశాను. దిగుదామని చూస్తే కింద రన్‌వే ఏదీ? నా తోకకే ఉంది కదా! అప్పుడేం చేశాను? ఒక్క గుండ్రం కొట్టి, తోకని ఒక్క దులుపు దులిపాను. పెళ్ళింట్లో దుప్పటి పరిచినట్టు రన్‌వే నేల మీద పరుచుకుంది. దాని మీదే దిగాను. కుక్క లేచి, ఒళ్ళు విరుచుకుని, ఇంటికి పోయింది!"

జెల్యాజ్కో రొప్పుతూ చేతులు దించాడు. ఇంతకంటే పెద్ద కోత తన దగ్గరే కాదు, బల్గేరియా మొత్తం మీద ఎవరి దగ్గరా లేదు. నవ్వరా నాయనా, నవ్వు అని మనసులో దండాలు పెట్టుకున్నాడు.

పెన్చో మెల్లగా లేచాడు. అతని కళ్ళు చెమర్చాయి.

"రన్‌వే మధ్యలో ఆ వంపు..." అన్నాడు. "ఎన్నోసార్లు అనుకున్నాను, ఎందుకు వంకరగా ఉందా అని."

ముసలాయన బల్ల మీద చతికిలబడ్డాడు.

పెన్చో మరు మాట లేకుండా జీపు దగ్గరికి పోయాడు. బీరు సీసాలు చల్లగా ఉంచుకునే ఐసు పెట్టె మోసుకొచ్చి బల్ల మీద దభీమని పెట్టాడు. మేకు మీంచి థర్మామీటరు తీసి, ఐసు ముక్కల మధ్య గుచ్చి, మూత పెట్టాడు. వంద అంకెలు లెక్కపెట్టినంతసేపు ఆగి, బయటికి లాగి కాలినా మొహం ముందు ఆడించాడు.

"చూసుకో. పన్నెండు! నీ పట్టికలో పన్నెండుకి ఏం రాసుంది? నిండు టాంకు అని రాసుంది. వేడి వేడి అని గోల పెట్టావు, తగ్గించాను. ఐసు చాలకపోతే ఇంజను ముందు కూడా పోస్తాను, అన్న చెప్పినట్టు. ఇక లే."

"చల్లబడింది గాజు గొట్టం పెన్చో గారూ, గాలి కాదు."

"ముప్పై ఏళ్ళు నడిపినాయన చెబుతుంటే నువ్వు నాకు పాఠాలు చెప్పకు. లేస్తావా, ఫోను చేయనా?"

కాలినా చాలాసేపు రన్‌వే వైపు చూసింది. వేడికి ఆ చివర చెట్లు నీళ్ళలో నీడల్లా వణుకుతున్నాయి. తర్వాత లేచి చేతి తొడుగులు తీసుకుంది.

"పిన్నీ, టాంకు నింపు" అంది దోన్కాతో. "నిండుగా."

దోన్కా కదల్లేదు.

"నింపు పిన్నీ. కాకపోతే ఒక్క సంగతి." కాలినా జెల్యాజ్కో వైపు తిరిగింది. గొంతు మామూలుగానే ఉంది. "బాబాయ్ నా పక్క సీట్లో కూర్చుంటారు. నలభై రెండులో లేచినవారికి నలభై ఒకటి ఏపాటిది? పదండి బాబాయ్."

ఆ ఒక్క మాటతో రన్‌వే, కుక్క, నలభై గలీబులు అన్నీ నేల మీద పడ్డాయి. జెల్యాజ్కో బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు. పెన్చో ఉత్సాహంగా "లే అన్నా, లే" అంటూ ఆయన భుజం తడుతున్నాడు.

"లేవను" అన్నాడు జెల్యాజ్కో. "నువ్వూ లేవొద్దు తల్లీ. ఆ టాంకుతో ఇది లేవదు. నాకు తెలుసు."

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. తర్వాత వచ్చిన గొంతు ఆయనదిలా లేదు. అందులో చేతులు ఊపడం లేదు, మీసం దువ్వడం లేదు.

"నలభై రెండు నిజమే. లేవడమే అబద్ధం. మేం పుచ్చకాయలు చల్లబడాలని నీళ్ళ తొట్టిలో వేసేవాళ్ళం. ఎండకి థర్మామీటరు పగులుతుందేమోనని నేనే దాన్ని తీసి ఆ తొట్టి మీద తగిలించాను. ఆ రోజు అది ఇరవై తొమ్మిది చూపించింది. అది చెప్పింది పుచ్చకాయల సంగతి. రన్‌వే మీద నలభై రెండుందని తర్వాత తెలిసింది. పట్టిక చూశాను, నిండు టాంకు నింపించాను, బయల్దేరాను. సగం రన్‌వే అయింది, తోక లేచింది. చక్రాలు లేవలేదు. ఇంకో వంద మీటర్లు చూద్దాం అనుకున్నాను. ఇంజను ఒకటే అరుపు, అరుపే గానీ బలం లేదు. ఆపడానికి చోటు అయిపోయింది. చివర పాప్లర్ చెట్లున్నాయి."

పెన్చో ఒక్కసారిగా పకపకా నవ్వాడు. ఇంతసేపూ జెల్యాజ్కో ఎదురుచూసిన నవ్వు ఇప్పుడొచ్చింది.

"ఊరుకో అన్నా! నా చెవిలో పువ్వులున్నాయా? అంత మొనగాడివి, చెట్లకి గుద్దుకున్నావంటే ఎవడు నమ్ముతాడు? ఇది మాత్రం పచ్చి అబద్ధం!"

"ఓరి వెర్రివాడా!" దోన్కా ఇక ఉండబట్టలేక లేచింది. "కొమ్మల్లో తలకిందులుగా వేలాడుతుంటే నిచ్చెన వేసి దించింది నేనే. కాలు రెండు చోట్ల విరిగి ఎనిమిది నెలలు మంచం దిగలేదు. ఇతను దిగాడు గానీ ఇతని ప్యాంటు దిగలేదు. వారం రోజులు ఆ చెట్టు మీదే జెండాలా ఎగిరింది. అటు చూడు. వరసలో నాలుగు చెట్లు పోయాయా లేదా?"

పెన్చో కళ్ళు చిట్లించి చూశాడు. చెట్ల వరసలో పళ్ళూడినట్టు ఓ సందు ఉంది.

"అక్కడ పిడుగు పడిందని అన్నే చెప్పాడే!"

"ఆ పిడుగే ఇదిగో, ఇక్కడ కూర్చుని గింజలు కొరుకుతోంది" అంది దోన్కా.

పెన్చో సందు వైపు చూశాడు, ముసలాయన కాలి వైపు చూశాడు, చేతిలో థర్మామీటరు వైపు చూశాడు. అది అప్పటికే ముప్పై దాటి పాకుతోంది. మెల్లగా దాన్ని తీసుకెళ్ళి మేకుకి తగిలించాడు. తర్వాత జెల్యాజ్కో పక్కన బల్ల మీద కూలబడ్డాడు.

"నేను ఈ పిల్లని ఆ చెట్ల మీదికి పంపబోయాను..." అన్నాడు. తర్వాత తన చేను ఉన్న దిక్కుకి తల తిప్పాడు. "మరి నా చేను సంగతేమిటన్నా?"

జెల్యాజ్కో టోపీ పెట్టుకున్నాడు. పని మాట వచ్చేసరికి ఆయనలో పాత మనిషి లేచాడు. "సగం టాంకుతో పది ట్రిప్పులు. ఎగరడం పది నిమిషాలు, నింపడం పావుగంట. ఆ పావుగంటని అయిదు నిమిషాలు చేస్తే చీకటిలోగా అయిపోతుంది. దోన్కా గొట్టం పట్టుకుంటుంది, నేను పంపు కొడతాను. నువ్వు వెళ్ళి చేలో జెండా పట్టుకో. ప్రతి చాలుకీ ఎక్కడ తిరగాలో అమ్మాయికి నువ్వే చూపించాలి. పరిగెత్తగలవా?"

"నా చేను కోసం వర్నాదాకా పరిగెత్తుతాను."

ఆరింటికి థర్మామీటరు ముప్పై ఆరు చూపించింది. కాలినా గాల్లో చెయ్యి పెట్టి ఓసారి చూసుకుని, సీట్లోకి ఎక్కింది. పసుపు విమానం పరిగెత్తింది. జెల్యాజ్కో పంపు పిడి పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. సగం రన్‌వే కూడా కాకముందే చక్రాలు నేలని వదిలాయి. చెట్ల సందుకి ఎంతో ఎత్తున అది అలవోకగా ఒరిగి పొలాల వైపు తిరిగింది. ముసలాయన గట్టిగా కేకేశాడు, ఏమని కేకేశాడో ఆయనకే తెలీదు.

తర్వాత ఎవరికీ మాట్లాడే తీరిక లేకపోయింది. విమానం దిగడం, ఇంజను ఆపకుండానే నింపడం, మళ్ళీ లేవడం. చల్లబడేకొద్దీ ప్రతిసారీ ఇంకాస్త ముందుగా లేస్తోంది. జెల్యాజ్కో అరచేతులు బొబ్బలెక్కాయి, విరిగి అతికిన కాలు సలుపుతోంది, అయినా పిడి వదల్లేదు. దూరంగా చేలో పెన్చో ఎర్ర జెండా పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి దూడలా గెంతుతున్నాడు. ఏడో ట్రిప్పుకి పొద్దు పచ్చబడింది. తొమ్మిదోదానికి సూర్యుడు నేల అంచుని తాకాడు. పదోది దిగేసరికి ఇంకా మొహాలు కనబడుతూనే ఉన్నాయి. పెన్చో దుమ్ము కొట్టుకున్న బూట్లతో పరిగెత్తుకొచ్చి కాలినా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపేశాడు. "ఈ వేసవే కాదు అమ్మాయీ, వచ్చే వేసవి కూడా నువ్వే. మా ఊరందరికీ చెబుతాను" అన్నాడు. కాలినా నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

జెల్యాజ్కో బల్ల మీద కూలబడి వాళ్ళిద్దర్నీ చూస్తూ ఉండిపోయాడు. దోన్కా మజ్జిగ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. ఆయన తాగలేదు.

"దోన్కా" అన్నాడు. "ఈ పిల్ల నాకంటే మంచి పైలట్."

దోన్కా ఆయన వైపు వింతగా చూసింది. తర్వాత వంగి, ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"ఒకే రోజు రెండు నిజాలా? వడదెబ్బ గానీ తగిలిందా నీకు?"